నల్లా ఎంత ఎత్తులో ఉండాలి

యాదమ్మక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలిసినా ఈ సంగతి నీకే చెప్పాలనిపించింది.

మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తీసే డ్రమ్ము పెట్టడానికి పట్నం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ముందు చెక్క నమూనా చేయించి, వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచింది.

"వాడేది మీరు. ఎలా ఉండాలో మీరే చెప్పండి," అంది.

మనల్ని అలా అడిగినవాళ్లు ఇంతవరకు లేరు కదా, మొదట నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని ఒకరినొకరు ముందుకు తోసుకున్నాం. చివరికి హలీమా వదిన, "మూత బరువున్నది, జర తేలిక చెయ్యిండ్రి," అంది. దాంతో అందరికీ ధైర్యం వచ్చింది. డ్రమ్ము పక్కన కట్టే అడ్డుగోడ జరిపించాం, బిందె పెట్టే గద్దె వెడల్పు చేయించాం. నల్లా ఎత్తు దగ్గర మాత్రం మాట తెగలేదు.

నేను లేచాను. "గీ నీళ్లతోనే మా అక్క నడుము బిగుసుకపోయింది. వంగరాకపోతుండె. అసుంటోళ్లు మనూళ్లె ఇంకా ఉన్నరు. నిలవడి పట్టుకునేటట్టు పెట్టుండ్రి."

ఇంజనీరమ్మ సుద్దముక్క నా చేతికిచ్చింది. నీకు స్నానం చేయించిన దాన్ని, నీ చెయ్యి ఎంతవరకు అందేదో నాకు తెలుసు. నమూనా మీద అక్కడే గీత గీశాను.

ఆ గీత ఎత్తులోనే నల్లా బిగించి, ఈ పొద్దున నీళ్లు వదిలారు. నీలాగే నడుము వంగని హలీమా వదిన అత్త ఎవరి సాయమూ లేకుండా చెంబు నింపుకుని నిలబడే తాగింది.

"తియ్యగున్నయి పిల్లా," అంది.

నీ పేరు తలుచుకుని నేనూ ఒక చెంబు తాగాను, అక్కా. తియ్యగానే ఉన్నాయి.

నీ చెల్లె,
సాయమ్మ