ఆ పన్ను విరగ్గొట్టింది నేనే

అక్టోబర్ 7, సోమవారం

ఇవాళ కతాల్దో ముందుపన్ను విరగ్గొట్టాను.

మ్యూజిక్ క్లాసు. అందరం ప్లాస్టిక్ ఫ్లూట్లు ఊదుతున్నాం. ఆ గోలకి నాకే తల పగిలిపోతుంది, ఇక నా కవల తమ్ముడు సవేరియో సంగతి చెప్పాలా. వాడికి ఆటిజం. చెవులు మూసుకుని ఊగుతున్నాడు. వాడి పక్కన కూర్చోవలసిన తోడు టీచర్‌ని ఈ ఏడూ ఇంకా వేయలేదు. ఆ ఉద్యోగం కూడా నాదే, జీతం లేదు.

ముందు బెంచీ కతాల్దో వెనక్కి తిరిగి, సవేరియో చెయ్యి లాగి, సరిగ్గా చెవిలో ఊదాడు. సవేరియో గావుకేక పెట్టాడు. క్లాసంతా నవ్వింది. కతాల్దో మళ్లీ ఊదబోయాడు. ఫ్లూటు వాడి నోట్లో ఉండగానే దాని మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాను.

టీచర్ బోర్డు వైపు నుంచి తిరిగేసరికి నెత్తురు, సవేరియో అరుపులు. సవేరియోని పట్టుకోండి అని కేకేసింది. కొట్టింది నేనండీ అన్నాను. నువ్వు జరుగమ్మా అంది.

అక్టోబర్ 8

తనని కొట్టింది సవేరియోనే అని కతాల్దో కూడా చెప్పాడట. ఆడపిల్ల చేతిలో పన్ను పోగొట్టుకున్నానని చెప్పుకోవడం కంటే అదే నయం కదా, మగధీరుడికి!

బాత్రూంలో మా క్లాసు ఫియొరెల్లా జుట్టు పట్టుకుని, నేను కొట్టడం చూశావా లేదా అని అడిగాను. చూశానంది. మరి చెప్పి చావవేమే అంటే, మీవాణ్ణి ఎవరూ ఏమీ అనరు కదే, వాడికి ఎలాగూ తెలియదు, నిన్నయితే తంతారు అంది. దాని తల గోడకేసి కొట్టాను. మెల్లగానే.

అక్టోబర్ 10

కతాల్దో వాళ్లమ్మ గేటు దగ్గర అమ్మ మీదికి వచ్చింది. మా తరాంతో ఊళ్లో చేపల మార్కెట్‌లో ఆల్చిప్పలు అమ్మే గొంతు, వీధంతా వింది. నీ మృగాన్ని ఇంట్లో కట్టేసుకోవే, మా పిల్లల మీదికి వదలకు అంది. అమ్మేం తక్కువ తినలేదు. నీ కొడుక్కి పాలపళ్లతో పాటే సిగ్గు కూడా రాలిపోయిందా అంది. మొదటి చెంపదెబ్బ అమ్మదే.

తోడు టీచర్ వచ్చేదాకా సవేరియోని పదింటికే ఇంటికి పంపాలని హెడ్‌మిస్ట్రెస్ తేల్చింది. వాడి మంచికేనట. ఈ దేశంలో సవేరియో లాంటి పిల్లలు కూడా అందరితో ఒకే క్లాసులో చదవాలని అమ్మ పుట్టకముందే చట్టం చేశారు. పదింటి దాకా చదవచ్చన్నమాట.

పన్ను విరగ్గొట్టింది నేనని ఆవిడకీ చెప్పాను. నా తల నిమిరి, ప్రతి తమ్ముడికీ దొనాతా లాంటి అక్క ఉంటే ఎంత బాగుండు అంది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. నా బంగారు తల్లీ, వాడి నింద నువ్వు మోయకే అని ఏడ్చింది. కన్నతల్లి కూడా నమ్మలేదు!

అక్టోబర్ 16

ఒంటిగంటకి చివరి గంట మోగితేనే సవేరియోకి స్కూలు అయినట్టు. పదింటికి తెచ్చేస్తే ఒంటిగంట దాకా తలుపుకేసి తల బాదుకుంటున్నాడట. నుదురు చిట్లింది. కుట్లు వేశారు. నాన్న తలుపుకి పరుపు కట్టాడు. సవేరియో గోడ దగ్గరికి వెళ్లాడు.

అక్టోబర్ 17

నమ్మి తీరేలా చేస్తాను.

అక్టోబర్ 21

సవేరియో ఇంటికి వెళ్లాకే చేశాను. ఇంటర్వెల్‌లో, వరండాలో. హెడ్‌మిస్ట్రెస్ గదిలోంచి బయటికి వచ్చేదాకా ఆగాను. కతాల్దో ఫొకాచా రొట్టె తింటున్నాడు. కొడుతున్నాను, చూసుకోరా అన్నాను. మీ పిచ్చోడేడే అని నవ్వాడు. ముక్కు మీద గుద్దాను. పడ్డాడు. మీద కూర్చుని మళ్లీ గుద్దాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అమ్మా అన్నాడు. ఇక చాలనుకున్నాను, చేతులు ఆగలేదు. ఆయా వచ్చి లాగేదాకా కొడుతూనే ఉన్నాను. భయం వేసింది. హాయిగా కూడా ఉంది. హాయిగా ఉన్నందుకు ఇంకా భయం వేసింది.

ఇప్పుడైనా నమ్ముతారా అని హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగాను. నమ్ముతానంది.

అక్టోబర్ 22

రేపటి నుంచి సవేరియో చివరి గంట దాకా ఉండొచ్చట.

నేను సస్పెండ్. ఒకే కడుపులో పెరిగారు కదా, దీనికీ అదే జబ్బు అయ్యుంటుంది అని కతాల్దో వాళ్లమ్మ అందట. హెడ్‌మిస్ట్రెస్ కాదనలేదట. శుక్రవారం నన్ను డాక్టర్ దగ్గరికి పంపుతున్నారు.

కతాల్దోని ఎవరూ ఎక్కడికీ పంపడం లేదు.