సల్మా కొట్టిన రెండు గోల్స్

4 నవంబర్ 2022, శుక్రవారం
అల్ ఖూజ్

ఇవాళ సల్మా మా గ్రౌండ్‌కు వచ్చింది. పదేళ్ల కిందట, ఆడపిల్లల జట్టు లేక ఆమె ఇక్కడ ఒంటరిగా ఫుట్‌బాల్ ప్రాక్టీస్ చేస్తుంటే, గల్ఫ్‌కొచ్చి ఈ గడ్డికి నీళ్లు పట్టే నేనే గోల్‌లో నిలబడేవాణ్ణి. బంతి నా పొట్టకు తగిలి ఇద్దరం నవ్వుకున్న సాయంత్రాలు ఎన్నో! తర్వాత తన దేశం పాలస్తీనా ఆడవాళ్ల జట్టులో ఫార్వర్డ్ అయింది. ఇప్పుడు మోకాలు పాడై ఆట మానేసింది.

“ఖలాస్, చాచా,” అంది.

“గోల్స్ కొట్టినవా బిడ్డా?”

“రెండు. టీవీలో రాలేదు. మావాళ్లెవరూ చూడలేదు.”

“నాకు చూపెట్టు మరి.”

బంతి లేకుండానే, కుంటుతూనే, రెండు గోల్సూ కొట్టి చూపించింది. రెండోదానికి నేను చేతులు పైకెత్తి అరిచాను. ఆమె గడ్డిలో కూర్చుని ఏడ్చింది.

ఆ మోకాలితో పరుగెత్తించకుండా ఉండాల్సింది. కానీ నేను కూడా చూడకపోతే ఆ గోల్స్ ఇంకెవరు చూస్తారు...