ముందు తల తుడుచుకో

నా నీటికోడికి,

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని తర్వాతి వాక్యం రాయాలి. నీ పోయిన ఉత్తరం చదివాక ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎలా ఉన్నావో నువ్వే రాయి. ఉన్నదున్నట్టు రాయి.

ఈ మధ్య ఫోను ఎత్తకుండా ఉత్తరాలు రాస్తున్నావేమిటా అనుకున్నాను. బ్యాంకు వాళ్లు ట్రాన్స్‌ఫర్‌తో పాటు పాతకాలపు సరదాలు కూడా అంటగట్టారు కాబోలని అమ్మతో అన్నాను. ఫోను పెట్టుకుంటే చెవిలో హోరు లేస్తోందని, అందుకే కలం పట్టావని నాకెలా తెలుస్తుంది? అయినా జలుబుతో నీళ్లలోకి దిగడమేమిటే! ఆఫీసు వాళ్లంతా పడవెక్కి కూచున్నారని, నీ ఒక్కదాని కోసం ఆపడం బాగోదని దిగావట. లోపలికి పోతుంటే చెవి పోటు పెట్టినా పైకి రాలేదట. ఇక డైవింగు మాటే తలపెట్టొద్దన్నాడట డాక్టరు. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసేసి, వెంటనే వంటింటి కొళాయి కారడం ఆగిందా అని అడిగావు. నేను ఆ రెండు వాక్యాల మధ్యే చాలాసేపు ఉండిపోయాను.

కొళాయి ఆగింది. వాషరు మార్చాను. అమ్మ మోకాలి మాత్రలు వేసుకుంటోంది, నన్ను తిట్టుకుంటూ. కోడలు చెబితే గుటుక్కున మింగే మనిషికి కొడుకు చెబితే అదే మాత్ర చేదుగా ఉంటుందేమో. అటక మీది పెట్టెలో ఉన్న నీ మాస్కూ, కాళ్లకి తొడుక్కునే ఫిన్సూ, రబ్బరు సూటూ ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యమన్నావు. ఇవ్వలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ప్రతి ఆదివారం ఓవర్‌టైం ఏమిటి, ఒళ్లు హూనం చేసుకోకు అని కేకలేశావు. ఓవర్‌టైం లేదు, పాడూ లేదు. నీతో అబద్ధం చెప్పాను. నువ్వు వెళ్లిన కొత్తలోనే ఇక్కడి ఈతకొలనులో డైవింగు క్లాసులో చేరాను.

అవును, నేనే. మోకాలి లోతు నీళ్లు చూస్తే ముచ్చెమటలు పట్టే నీ మొగుడే.

ఎన్నేళ్లు బతిమాలావు నన్ను! "ఒక్కసారి దిగవయ్యా స్వామీ, నచ్చకపోతే మళ్లీ అడగను" అనేదానివి. బట్టలకి కాపలా ఎవరుంటారు అనేవాణ్ణి. వచ్చే ఏడు చూద్దాంలే అనేవాణ్ణి. భయమని మాత్రం ఒక్కనాడూ ఒప్పుకోలేదు. లిఫ్టు మెకానిక్‌ని, పన్నెండో అంతస్తులో వేలాడుతూ తాళ్లకి గ్రీజు పూసేవాణ్ణి, నాకు భయమేమిటని బింకం. తువ్వాలూ టీ ఫ్లాస్కూ పట్టుకుని సముద్రం ఒడ్డున కూచునేవాణ్ణి. నువ్వు మునిగిన చోటికేసి కళ్లప్పగించి చూసేవాణ్ణి. నువ్వు తేలేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు. నువ్వేమో వణుక్కుంటూ, మెరిసే కళ్లతో వచ్చి ఏదో చెప్పబోయేదానివి. ఒకసారి "ఇవాళ లోపల ఒక పెద్ద చేప, నోరు ఇంత తెరిచి..." అని చేతులు చాపి మొదలెట్టావు. నేను "ముందు తల తుడుచుకో, టీ చల్లారిపోతోంది" అన్నాను. నువ్వు తల తుడుచుకున్నావు, టీ తాగావు. ఆ చేప ఊసు మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నువ్వు సెలవుకి వచ్చేసరికి నేర్చేసుకుని, రబ్బరు సూటుతో నీ పక్కన నిలబడి నిన్ను నోరెళ్లబెట్టించాలని నా ఎత్తు. అమ్మ దగ్గర మాత్రం దాగలేదు. బాత్రూంలో ఆరేసిన నిక్కరు చూసి, "లిఫ్టుల్లో కూడా వానలు పడుతున్నాయిట్రా?" అంది. నీతో చెప్పనని ఒట్టు వేయించుకున్నాను.

నేర్పేది యాభై దాటిన ఆవిడ. పంతులమ్మ అని నాలో నేను పేరు పెట్టుకున్నాను. మొదటి రోజు నడుం లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూచోబెట్టింది. నోట్లో గాలి గొట్టం పెట్టుకుని తల ముంచానో లేదో, ఊపిరి బిగుసుకుపోయింది. వీపు మీద సిలిండరు నిండా గాలి ఉంది, పీల్చే ధైర్యం నాకు లేదు. గబాల్న లేచి చేతులతో నీళ్లు కొట్టేస్తుంటే ఆవిడ చూసి చూసి, "నీళ్లు మిమ్మల్ని ఏమీ చెయ్యట్లేదండీ, మీరే వాటిని కొడుతున్నారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

"బిగబట్టకండి. లోపలున్నది పూర్తిగా వదలండి. తర్వాతది దానంతటదే వస్తుంది" అనేది. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని అదే సాధన చేసేవాణ్ణి. కొన్ని వారాలకి బుడగల చప్పుడు అలవాటైంది. కానీ మాస్కు దగ్గర నా బండి ఆగిపోయింది. మాస్కులోకి కావాలనే నీళ్లు రానిచ్చి, పై అంచు నుదుటికి నొక్కిపట్టి ముక్కుతో ఊదితే ఆ నీళ్లు కింది నుంచి పోతాయి. నీకు తెలియనిదేముంది. నాకు మాత్రం ముక్కు తడిసిందంటే లేచి పరుగే. ఇది రాకుండా సముద్రం మాట ఎత్తొద్దంది పంతులమ్మ. చివరికి ఎలాగో వచ్చిందనిపించాను. ఎలా వచ్చిందో నాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు.

అందరూ అక్కడి మాస్కులు వాడారు. నేను అటక మీది నుంచి నీది దించి, పట్టీ వదులు చేసుకుని పెట్టుకున్నాను. అందుకే ఎవరికీ ఇవ్వలేదు.

సముద్రంలోకి దిగాల్సిన రోజుకి ముందు రోజే నీ ఉత్తరం వచ్చింది. ఎవరి కోసం నేర్చుకున్నానో ఆ మనిషే ఇక దిగకూడదంటే నేను దిగి ఎవర్ని ఉద్ధరించాలి? పంతులమ్మకి ఫోను చేసి రానన్నాను. ఎందుకో చెప్పాను. "మీ ఆవిడ ఇన్నేళ్లూ చూసింది మీరు ఒక్కసారైనా చూడొద్దా?" అంది. వెళ్లాను.

తాడు పట్టుకుని దిగాను. చెవులు బిగిసినప్పుడల్లా ఆగి, ముక్కు నొక్కుకుని మెల్లగా ఊది, తెరుచుకున్నాకే ఇంకాస్త కిందికి. ప్రతిసారీ నీ చెవే గుర్తొచ్చింది. ఇద్దరిద్దరుగా దిగాలని, ఒకరినొకరు కనిపెట్టుకోవాలని మొదటి పాఠంలోనే చెప్పారు. పక్క గదిలో నువ్వు తుమ్మితే ఆవిరికి నీళ్లు పెట్టేవాణ్ణి, పక్కనుంటే నిన్ను ఆ రోజు దిగనిచ్చేవాణ్ణా? నీకు జతగా దిగినవాళ్లకి నీ గొంతు మారిందని ఎలా తెలుస్తుంది? ఆ చోటు నాది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ ఖాళీగా వదిలేశాను.

అడుగున ఒక పెద్ద బండ. దాని నీడలో ఒక పెద్ద చేప, కదలకుండా, నోరు బార్లా తెరుచుకుని ఉంది. వేలెడంత చేప ఒకటి ఆ నోట్లోకి దూరి పళ్ల సందులు శుభ్రం చేస్తోంది. పెద్దది పళ్ల డాక్టరు కుర్చీలో కూచున్నట్టు బుద్ధిగా ఉంది. నవ్వొచ్చింది. చూడవే అని పక్కకి తిరిగాను. పంతులమ్మ ఉంది.

నువ్వు ఆ రోజు చెప్పబోయింది ఇదేనని అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదు. మొహం ముడుచుకుపోయి మాస్కు అంచు లేచింది, ఉప్పునీళ్లు కళ్లలోకీ ముక్కులోకీ వచ్చేశాయి. నేను పరుగు తియ్యలేదు. అంచు నొక్కిపట్టి ముక్కుతో ఊదాను. నీళ్లు పోయాయి. భయపడడం మర్చిపోయానని పైకొచ్చాక గానీ గమనించలేదు. ఇన్నాళ్ల భయం ఇంత తేలిగ్గా పోయేదైతే, అది నువ్వు పక్కనున్నప్పుడే ఎందుకు పోలేదు?

పడవెక్కుతూనే ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేననిపించింది. "లోపల ఒక పెద్ద చేప, నోరు ఇంత తెరిచి..." అని మొదలెట్టాను. పడవ నడిపే అతను తువ్వాలు అందించి, "ముందు తల తుడుచుకోండి సార్, గాలి కొడుతోంది" అన్నాడు. పాపం, నా మంచికే అన్నాడు. తల తుడుచుకున్నాను. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. నువ్వు ఇన్నేళ్లలో ఇలా ఎన్ని మింగావో!

నిన్ను మళ్లీ నీళ్ల దగ్గరికి రమ్మని అడగను. నేను ఇంకోసారి దిగాలా వద్దా అన్నది నువ్వే చెప్పు. సూటూ ఫిన్సూ ఎవరికైనా ఇచ్చేస్తాను. మాస్కు మాత్రం అడక్కు.

అమ్మని పక్కింటి వాళ్లకి అప్పజెప్పి, వచ్చే శనివారం రైలెక్కుతున్నాను. నీకు ఏ చెవి బాగా వినిపిస్తుందో రాయి, అటువైపు కూచుంటాను. అయినా ఈసారి మాట్లాడేది నువ్వు, వినేది నేను. ఆ రోజు పెద్ద చేప నోరు ఇంత తెరిచింది. తర్వాత ఏమైంది? నాకు తెలుసు కదా అని వదిలెయ్యకు. మొదటి నుంచి చెప్పు.

ఇట్లు,
తువ్వాలు పక్కన పడేసిన
నీ మొగుడు