పెద్దమ్మ బ్రష్

మంగళవారం రాత్రి

ఇంకా నా మీద నాకే కంపరంగా ఉంది. బుగ్గ వాచిన పెద్దమ్మని ఇవాళ కాకినాడలో పళ్ల డాక్టర్‌కి చూపించాను. వంకర్లు పోయిన ఆవిడ వేళ్లు చూడగానే అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"కుష్టు ఎప్పుడో తగ్గిపోయిందండి, మందులన్నీ వాడేశారు," అన్నాను.

"అందరూ అయ్యాక చూస్తాం."

మూడు గంటలు బయట కూర్చున్నాం. చివరికి పన్ను పీకి, ఆవిడ అక్కడ లేనట్టు, "ఈవిడ పళ్లు తోముకోదా?" అని నన్నడిగాడు.

"బ్రష్ చేతిలో నిలవదండి, జారిపోద్ది," అంది పెద్దమ్మ, నోట్లో దూదితోనే.

ఉండేది ఒకే ఇంట్లో. ఆవిడ రోజూ నీళ్లు పుక్కిలించి వచ్చేస్తుంటే బద్ధకమనుకుని వెక్కిరించేదాన్ని. ఛీ.

ఇందాక బ్రష్ పిడికి గుడ్డ చుట్టి, లావు చేసి ఇచ్చాను. గట్టిగా పట్టుకుని చూసుకుంది.

"ఎమ్మెస్సీ చదివావు కదే, ఇన్నాళ్లూ తట్టలేదా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.