పండుమిరప రంగు వంటగది

జూన్ 9, సోమవారం

కాలేజీ నుంచి వచ్చేసరికి వంటింట్లో కొత్త మనిషి ఉన్నాడు. పేరు బుల్లయ్య. బ్రాడీపేటలో ఫ్లాట్లు అమ్మిపెట్టే బ్రోకరు. నా పోపుడబ్బా పక్కకి జరిపి గోడ తట్టి చూస్తున్నాడు. పక్కన మా ఆయన శరత్‌చంద్ర, చేతులు కట్టుకుని. నన్ను చూసి బుల్లయ్య నమస్తే పెట్టి, మిగతా ఫ్లాటంతా ఓకే మేడమ్, కిచెన్ ఒక్కటే డల్లుగా ఉంది అన్నాడు.

మేం ఈ ఫ్లాటు అమ్ముతున్నామని నాకు తెలిసింది అలాగ.

అతను వెళ్ళాక శరత్ సంగతి చెప్పాడు. (బయట ఏవండీ అంటాను. ఇక్కడ శరత్ అనే రాస్తాను. ఇది నా డైరీ.) చీమకుర్తిలో వాళ్ళ బావగారి గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో పార్ట్‌నర్‌గా చేరతాడట. ఇన్సూరెన్స్ ఆఫీసు మొహం మొత్తిందట. ఫ్లాటు అమ్మి ఆ డబ్బు అందులో పెట్టి, ఒంగోలులో అద్దెకుందామట. మరి నా ఉద్యోగం అన్నాను. ఒంగోలులో జూనియర్ కాలేజీలు లేవా, అక్కడి పిల్లలకి జువాలజీ వద్దా అని నవ్వాడు.

కొనేవాళ్ళు ముందు వంటిల్లే చూస్తారట. అందుకని దాన్ని కొత్తగా చేయించి అమ్మాలట.

కొనేవాళ్ళ కోసం.

జూన్ 10, మంగళవారం, ఉదయం 5.40

రాసేస్తే గానీ తల తేలికపడదు.

నేను పొట్టి. వంటగట్టు దాదాపు నా ఛాతీ దాకా వస్తుంది. ఈ ఫ్లాటులోకి వచ్చిన వారానికే గట్టు దింపించమని అడిగాను. అది స్టాండర్డ్ హైటు, అందరికీ అంతే అన్నాడు. పీట వేసుకోమన్నాడు. అప్పట్నించి పీట మీద నిలబడే వండుతున్నాను. కడుపుతో ఉన్నప్పుడు కూడా. ఆ కడుపులోని పిల్ల, శ్రీదివ్య, ఇప్పుడు విశాఖలో ఇంజినీరింగ్ చదువుతోంది.

దానికి ఆరేళ్ళప్పుడు పీట జారింది. మూకుట్లో నూనె నా ఎడమ చేతి మీద ఒలికింది. ఆస్పత్రిలో కట్టు కడుతుంటే శరత్ నర్సుతో అంటున్నాడు, పీట చూసి వేసుకోవాలి కదండీ, ఈవిడకి తొందరెక్కువ అని. ఆ నర్సు ఒకసారి నా మొహం చూసింది.

తర్వాత కూడా అడిగాను. హోమ్‌లోన్ తీరాక అన్నాడు. లోన్ నా జీతం మీద తీసుకున్నాం, ఫ్లాటు నా పేరునే ఉంది. తీరింది. పిల్ల ఫీజులు అయ్యాక అన్నాడు. నిరుడు అడిగితే, ఉన్నది బాగానే ఉందిగా, ఎవరికి చూపించాలి అన్నాడు.

ఇప్పుడు చూపించడానికి మనుషులు దొరికారు.

జూన్ 12, గురువారం

కార్పెంటర్ ఇమాం హుస్సేన్ వచ్చాడు. బుల్లయ్య కూడా. శరత్‌తో కలిపి ముగ్గురూ ఫోన్‌లో బొమ్మలు చూసి తేల్చేశారు. తెల్లటి నున్నని తలుపులు, లేత బూడిదరంగు టైల్స్, గట్టు మీద తెల్ల క్వార్ట్జ్. ఎవ్వరికీ నచ్చకపోవడానికి వీల్లేని రంగులట. రీసేల్‌కి అవే సేఫ్ అట.

నేను గుమ్మంలో నిలబడి అడిగాను. గట్టు కాస్త దింపుదాం. నల్ల గ్రానైట్ వేస్తే పసుపు మరకలు కనపడవు. జాడీలకి తలుపుల్లేని అరలుంటే బాగుంటుంది. బుల్లయ్య ఫోన్‌లోకి చూసుకున్నాడు. శరత్ వెనక్కి కూడా తిరగలేదు.

"నీ టేస్టుకి ఎవరు డబ్బులిస్తారు దుర్గా? టీ పెట్టు."

పెట్టాను. పీట ఎక్కి పెట్టాను. ముగ్గురికీ అందించి, చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను.

ఈ మాటకి బదులు తీర్చుకుంటాను.

జూన్ 13, శుక్రవారం

రోజంతా నవ్వుతూనే ఉన్నాను. శరత్‌కి అనుమానం రాలేదు.

జూన్ 16, సోమవారం

శరత్ లీవు పెట్టి చీమకుర్తి వెళ్ళాడు. యూనిట్ పని చూసుకుని మూడు వారాలకి వస్తాడు. ఆలోపు వంటిల్లు పూర్తి కావాలని ఇమాం హుస్సేన్‌కి అన్నీ చెప్పాడు. నాకు చెప్పింది ఒక్కటే, పనివాళ్ళకి టీలు టైముకి ఇమ్మని.

బస్సు కదిలిందని ఫోన్ వచ్చాక పాత గట్టు పగలగొట్టమన్నాను. సమ్మెట దెబ్బ పడుతుంటే పక్క గదిలో కూర్చోలేకపోయాను. దుమ్ములో నిలబడి చూశాను. చాలా బాగుంది.

తర్వాత గోడ పక్కన నిలబడి, చెయ్యి మడిచి, మోచేతికి కింద జానెడు కొలిచి చూపించాను. ఇక్కడికి గీత పెట్టు అన్నాను. ఇమాం హుస్సేన్ చెవి మీద పెన్సిల్ తియ్యలేదు.

"ఇంత కిందకా మేడమ్? సార్ ఒప్పుకోరు. ఒక్కసారి ఫోన్ చేసి అడుగుతా."

"ఈ ఫ్లాటు ఎవరి పేరునుందో తెలుసా?"

"తెలీదండి."

"నా పేరున. ఫోన్ చెయ్యాలంటే నాకు చెయ్యి. ఎదురుగానే ఉన్నాను."

గీత పెట్టాడు.

జూన్ 24, మంగళవారం

లామినేట్ షీట్ల షాపుకి వెళ్ళాను. ఒక షీటు దగ్గర చాలాసేపు ఆగాను. లేత ఆకుపచ్చ, అప్పుడే మొలిచిన చింతచిగురు కంటే కొంచెం ముదురు. చెయ్యి వేసి నిమిరాను. నాకు కావలసింది అదే. ఎన్నో ఏళ్ళుగా కళ్ళు మూసుకుంటే కనపడే వంటిల్లు ఆ రంగుదే.

కానీ ఆకుపచ్చ అయితే శరత్ సర్దుకుంటాడు. బుల్లయ్య కూడా ఫర్వాలేదంటాడు.

పక్కన ఎరుపు ఉంది. మిర్చి యార్డులో ఆరబోసిన పండుమిరపలాగా, చూస్తే కళ్ళు మండేంత ఎరుపు. శరత్ ఎర్రచొక్కా కూడా తొడగడు. షాపతను, ఇది ఎవరూ తీసుకోరు మేడమ్, ఆర్డరిస్తే రిటర్న్ ఉండదు అని హెచ్చరించాడు. ఆ మాట వినగానే ఆర్డరిచ్చేశాను.

జూలై 3, గురువారం

అయిపోయింది. ఎర్ర తలుపులు, నల్లగట్టు, గోడ పొడుగునా తలుపుల్లేని అరలు. నేల మీద నిలబడి పులుసు పెట్టాను. భుజాలు నొప్పెట్టలేదు. మూకుట్లో ఏముందో పైనుంచి కనపడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. స్టవ్ కట్టేసి కాసేపు ఏడ్చాను, అది సంతోషం కాదు. ఇంత చిన్న పనికా నన్ను ఇన్నేళ్ళు ఆపాడు అని.

శ్రీదివ్యకి వీడియో కాల్‌లో చూపించాను. సూపర్ మమ్మీ, నాన్న చూశాడా అంది. లేదన్నాను. అది గట్టిగా నవ్వి, నేను ఫోన్ పెట్టేస్తున్నా, నాకేం తెలీదు అంది.

జూలై 5, శనివారం

శరత్ వచ్చాడు. బ్యాగు భుజాన ఉండగానే వంటింట్లోకి వెళ్ళాడు. ఒక ఎర్ర తలుపు తెరిచి మూశాడు. తర్వాత, ఇదేంటి అన్నాడు. వంటిల్లండీ అన్నాను.

ఇమాం హుస్సేన్‌కి ఫోన్ చేసి అరిచాడు. నా మీద అరిచాడు. బుల్లయ్య వచ్చి చూసి నుదురు రుద్దుకున్నాడు. ఈ హైటు ఏంటి సార్, ఈ కలర్ ఏంటి, మళ్ళీ కొట్టించాలి అన్నాడు. కొట్టించే స్తోమత శరత్‌కి ఇప్పుడు లేదు. ఉన్నదంతా ముందే చీమకుర్తి పంపేశాడట. అదీ నాకు ఇవాళే తెలిసింది.

ఇలాగే అమ్ముదాం, ఎవడో ఒకడు దొరక్కపోడు అన్నాడు.

మీ ఇష్టమండీ అన్నాను.

జూలై 13, ఆదివారం

నరసరావుపేట నుంచి భార్యాభర్తలు వచ్చారు, పత్తి వ్యాపారం. వాళ్ళు లిఫ్ట్ ఎక్కుతున్నారని శరత్ హాల్లోంచి చెప్పగానే మూకుట్లో రెండు గుప్పెళ్ళ ఎండుమిరపకాయలు వేశాను. మంట పెంచాను. చిమ్నీ ఆన్ చెయ్యలేదు.

ఆవిడ హాల్లోనే తుమ్మడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ బాల్కనీలోకి పరుగెత్తాడు. వంటిల్లు చూడనే లేదు. నాకూ గొంతు పట్టేసింది, కళ్ళు కారాయి, అయినా గరిటె వదల్లేదు.

"ఇవాళే వేయించాలా?" అన్నాడు శరత్, దగ్గుతూ.

"పచ్చడి తినాలనిపించిందండీ."

జూలై 20, ఆదివారం

ఇంకో కుటుంబం. ఈసారి నిజాలు చెప్పాను. పక్క కోచింగ్ సెంటర్ మైకు ఐదింటికే మొదలవుతుందని, వేసవిలో మూడు రోజులకోసారి నీళ్ళ మోటార్ కాలిపోతుందని. మర్యాదగా, మంచినీళ్ళిస్తూ చెప్పాను. శరత్ పళ్ళు నూరుతున్న చప్పుడు నాకు వినపడింది.

చెప్పేయొచ్చు, నేను సంతకం పెట్టను అని. ఒక్క మాటతో తేలిపోతుంది. కానీ అంత తొందరగా తేలడం నాకు ఇష్టం లేదు. అతను ఆశపడాలి. బావగారికి ఫోన్ చేసి వచ్చే వారం ఖాయం అనాలి. మళ్ళీ ఫోన్ చేసి కాలేదు అనాలి. నేను పక్క గదిలోంచి వినాలి. కొత్త వంటింటి గురించి నేను ఆశపడ్డ ఏళ్ళన్నీ అతను అలాగే విన్నాడు.

జూలై 27, ఆదివారం

ఖుర్షిదా వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆర్డర్ల మీద బిర్యానీ వండి పంపుతుందట. మిరపకాయలు వేయిస్తూనే ఉన్నాను. ఆమె తుమ్మలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, ఇంకాస్త వేగితే నల్లబడతాయి అక్కా అని స్టవ్ కట్టేసింది.

గట్టు మీద రెండు చేతులూ పెట్టి చూసింది. పెద్ద డేగిసాలు ఎత్తి దించడానికి ఇంత కిందకి ఉంటేనే నడుం బతుకుతుంది అంది. అరలు చూసింది. ఎర్ర తలుపులు నిమిరి, వంటిల్లంటే ఇలా ఉండాలి, ఆస్పత్రిలాగా తెల్లగా ఉంటే ఏం బావుంటుంది అంది.

బుల్లయ్య చెప్పిన రేటుకి బేరం కూడా ఆడలేదు.

శరత్ మొహం వెలిగిపోయింది. "అంతా మా ఆవిడ టేస్టేనండీ," అన్నాడు.

నా చెయ్యి కాలినప్పుడు కూడా ఇంత మండలేదు.

జూలై 30, బుధవారం

ఖుర్షిదా మళ్ళీ వచ్చింది, వాళ్ళమ్మ మాబూబీని తీసుకుని. ఎక్కడ ఏం పెట్టుకోవాలో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నా వంటింట్లో, నా ముందు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

శుక్రవారం అడ్వాన్సు ఇస్తారు. శ్రావణ శుక్రవారం, మంచిరోజు అని శరత్ మురిసిపోతున్నాడు.

ఆగస్టు 1, శుక్రవారం

నమాజు అయ్యాక ఖుర్షిదా వచ్చింది. బుల్లయ్య కాయితాలు బల్ల మీద పరిచాడు. శరత్ స్వీట్లు తెప్పించాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. పెన్ను నా ముందు పెట్టారు.

ఖుర్షిదా నా వైపు తిరిగింది. "ఇంత మనసు పెట్టి కట్టించుకున్నారు. ఎందుకు అమ్ముతున్నారక్కా?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. శరత్ అందుకుని, మాకు ఒంగోలు ట్రాన్స్‌ఫర్ అండీ అన్నాడు.

"నేను అమ్మడం లేదు," అన్నాను.

బుల్లయ్య చేతిలో లడ్డు అలాగే ఉండిపోయింది. దుర్గా అన్నాడు శరత్. నేను పెన్ను మూత పెట్టి అతని వైపు జరిపాను. "నా టేస్టుకి డబ్బులిచ్చేవాళ్ళు దొరికారు కదండీ. అది చాలు నాకు. ఫ్లాటు ఇవ్వను."

అతని మొహం చూడటానికే ఇన్నాళ్ళు ఆగాను. చూశాను. అనుకున్నంత రుచిగానే ఉంది.

కానీ ఖుర్షిదా లేచి నిలబడి నాతో అంది. "మూడుసార్లు తిప్పించుకున్నారు. మా అమ్మని మూడంతస్తులు ఎక్కించాను, మీ లిఫ్ట్ పని చెయ్యకపోతే. ముందే చెప్పడానికి నోరు రాలేదా అక్కా?"

ఆమె స్వీటు ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

ఆగస్టు 2, శనివారం

శరత్ ఒంగోలు వెళ్ళిపోయాడు, వాళ్ళక్కయ్య ఇంటికి. పరాయివాళ్ళ ముందు పరువు తీశావన్నాడు. నిజమే. అలాగే తీశాను. నువ్వు ఇలాంటిదానివని తెలీదన్నాడు. అది కూడా నిజమే.

ఆగస్టు 6, బుధవారం

ఖుర్షిదాకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇమాం హుస్సేన్ నంబరు, గట్టు కొలత, అరల ఫొటోలు మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఉండక్కర్లేదు కూడా.

ఆగస్టు 8, శుక్రవారం

ఎరుపు కళ్ళకి గుచ్చుకుంటోంది. పొద్దున్నే లైటు వేస్తే మరీ. ఆకుపచ్చ తీసుకోవాల్సింది. అతన్ని ఏడిపించడానికి ఎంచుకున్న రంగు మధ్య నేను బతకాలి. అయినా తలుపులే కదా. డబ్బులు కూడాక మార్పిస్తాను. గట్టు మాత్రం మార్చను.

ఆగస్టు 17, ఆదివారం

శరత్ తిరిగొచ్చాడు. బావగారు వేరే పార్ట్‌నర్‌ని చూసుకున్నారట. ముందు పంపింది మెల్లగా ఇస్తామన్నారట. ఆఫీసులో మళ్ళీ చేరాలి. ఇదంతా చెప్పులు విప్పకుండానే చెప్పాడు. బాగా నల్లబడ్డాడు.

అన్నం ఉందా అన్నాడు.

బియ్యం డబ్బాలో ఉన్నాయండీ అన్నాను. ఇంటర్ పేపర్లు దిద్దుకుంటున్నాను.

చెప్పులు విప్పాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. శరత్ ఆరడుగుల మనిషి. గట్టు అతని తొడల దాకా కూడా సరిగ్గా రాదు. కూరగాయలు తరగడానికి సగానికి వంగాడు. లేచేటప్పుడు తల చిమ్నీకి కొట్టుకుంది. ఇంత కిందకి ఎవడు కడతాడు అని గొణిగాడు.

"పీట వేసుకుని కూర్చుని తరుక్కోండి," అన్నాను, పేపర్లలోంచి తల ఎత్తకుండా.

ఆగస్టు 21, గురువారం

శరత్‌కి నడుం పట్టేసింది. మాత్ర ఇచ్చాను. మంచినీళ్ళు వంటింట్లో ఉన్నాయని చెప్పాను.