పుంగనూరు బంగళాలో అమ్మ బొమ్మ

కుప్పం.

చిరంజీవి తమ్ముడు దామోదర్‌కు అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ పెద్దమండ్యం వదిలి వచ్చి నా దగ్గరే ఉంటోంది. జ్వరం, దగ్గు ఏమీ లేవు. బరోడా తిండి నీ ఒంటికి పడుతోందనే అనుకుంటున్నాను.

నువ్వు గీసిన బొమ్మను అమ్మ చూసిందా, చూసి ఏమందని అడిగావు. చూసింది. పుంగనూరులో పాత జమీందారు బంగళాను చిత్రశాలగా మార్చారనీ, అందులో నీ బొమ్మ పెట్టారనీ తెలిశాక ఆమెకు కాలు నిలవలేదు. బడిలో తనతోపాటు మధ్యాహ్న భోజనం వండే నాగమ్మనూ, వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్ళనూ వెంటబెట్టుకుంది. "నా కొడుకు గీసిన బొమ్మ సూసేకి పోతాండాము" అని మదనపల్లె బస్సులో కండక్టరుకు కూడా చెప్పిందట. నేను ఇక్కడి నుంచి వెళ్ళి పుంగనూరు బస్టాండులో కలిశాను. పట్టుచీర కట్టుకుంది. ఎప్పటిలాగే మణికట్టు దాకా రవిక చేతులు, మెడ చుట్టూ కొంగు.

మేడ మీద పెద్ద హాలులో, రంగుటద్దాల కిటికీల మధ్య గోడ నిండా నీ బొమ్మే. అందులో అమ్మ వీపు ఇటు తిప్పి కూర్చుంది. వీపు మీద గుడ్డ లేదు. ముఖం పక్కకు తిరిగి ఉంది కాబట్టి ఎవరైనా గుర్తుపడతారు. మెడ నుంచి నడుము దాకా బొల్లి మచ్చలు, ఒక్కటీ వదలకుండా గీశావు.

పోయిన నాన్నకూ నాకూ తప్ప వాటి సంగతి ఎవరికీ తెలియదురా. నిరుడు ఆమె జ్వరంతో లేవలేక పడుంటే, నేను బాలింతనై రాలేకపోతే, గత్యంతరం లేక నీ చేత ఒళ్ళు తుడిపించుకుంది. నువ్వు చూసింది ఆ ఒక్కసారే.

అక్కడి గైడు మా దగ్గరికొచ్చి వివరించాడు. "ఈమె ఆర్టిస్టు వాళ్ళమ్మంట. పాపం, పెద్దరోగం. అయినా కొడుకు ఎంత ప్రేమగా గీసినాడో సూడండి."

నాగమ్మ బొమ్మను చూసింది, అమ్మను చూసింది, దూరంగా జరిగింది.

"కుష్ఠు కాదప్పా, బొల్లి. అది అంటుకోదు" అన్నాను.

"మీకెట్ల తెలుసు?" అన్నాడతను.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఆమె ఎవురో మాకు తెలీదప్పా."

నాగమ్మ వాళ్ళంతా వింటున్నారు. తిరుగు బస్సులో అమ్మ పక్క సీటులో ఒక్కరూ కూర్చోలేదట.

సోమవారం బడికి వెళ్తే గిన్నెలు ముట్టనివ్వలేదు. "పిల్లోళ్ళు తినే కూడు బుజ్జక్కా. యాల ఇన్నాళ్ళు దాచిపెడితివి?" అంది నాగమ్మ. డాక్టరు చేత చెప్పించాను. "అంటదని నాకూ తెలుసమ్మా. తల్లిదండ్రులు ఒప్పుకోరు" అన్నారు హెడ్మాస్టరు రామమూర్తి గారు. అలా పని పోయింది. ఊళ్ళో ఉండలేక నా దగ్గరికి వచ్చింది.

"వాడికి ఇయ్యేమీ రాయొద్దు. బాగుండాదని రాయి. వాడు ఉండేదే గీసినాడు. నా ఒళ్ళే అట్లుండాది" అంటుంది అమ్మ.

ఇద్దరమూ ఫోన్ ఎత్తడం లేదని, అందుకే ఉత్తరం రాశానని అన్నావు. నేను కావాలనే ఎత్తలేదు. అమ్మ ఫోన్‌లో నీ నంబరు బ్లాక్ చేసింది కూడా నేనే. ఆమెకు తెలియదు. నీకు కలపమని ఫోన్ నా చేతికిస్తే, ఊరికే నొక్కి చెవి దగ్గర పెట్టుకుని, స్విచాఫ్ వస్తోందని చెబుతున్నాను. నాలుగు రోజులు నిన్ను ఏడిపించి వదిలేద్దామనుకున్నాను. రెండు నెలలు దాటింది.

నిన్న పెసలు చెరుగుతూ అడిగింది. "హేమా, నా ఒళ్ళు తలుసుకుంటే వాడికి రోత పుడతాండాదేమో. అందుకే ఫోన్ జేయలేదేమో గదా?"

లేదమ్మా అంటే చాలు, ఆమె మనసు కుదుటపడేది. నాకు ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఏమోమ్మా" అన్నాను.

అమ్మ తల ఊపింది. మళ్ళీ చెరగసాగింది.

ఆమెకు నీ మీద కోపం లేదు. నాకుంది. ఇది చదివి వెంటనే బయలుదేరుతావేమో, రావద్దు. ఈ ఇంట్లో తలుపు తీసేది నేను.

ఇట్లు,
నీ అక్క
హేమలత