అత్తగారి గ్లాసులో మన విస్కీ

నాన్నా, ఈ స్కాట్లండ్ ఐలా దీవిలో నేను కులాసాగా ఉన్నాను, బెంగపడకండి.

మీరు పంపిన చవక విస్కీ సీసా ఆదివారం మధ్యాహ్నం తెరిచాం. ముందు అత్తగారు వాళ్ల స్కాచ్ పోసింది. అదీ చవకదే. "పొగచూరిన గొంగడి నమిలినట్టుంది అత్తయ్యా!" అని నోరుజారాను. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ నాతో ముభావమే కదా, మా ఆయన బిక్కచచ్చిపోయాడు. ఆవిడ మన ఐరిష్‌ది చప్పరించి, "మీది తేనె రాసినట్టు జారిపోతోందే కోడలా! కాస్తయినా కరవదేం?" అని పకపకా నవ్వి, మళ్లీ గ్లాసు చాపింది. నన్ను కోడలా అనడం ఇదే మొదలు!

అమ్మ మోకాలు నయమా? ఎర్రావు ఈనిందా? మా పెళ్లికి అయర్లండ్ గడప తొక్కనన్న అత్తగారు, తమ్ముడు డెక్లన్ పెళ్లికి తానూ ఓడెక్కుతానంటోంది. కిటికీ ఉన్న గది ఆవిడకి ఉంచండి. దేవుడు మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

మీ నోరీన్